రాజవ్వ కొసరు, అద్దాల దుకాణం

ఇందుమూలముగా యావన్మంది మిత్రులకు, పరిచయం లేనివారికి, నా పోస్టులు దొంగచాటుగా చదివి లైకు కొట్టని బంధువులకు తెలియజేయునది ఏమనగా... కొసరు అడగకుండా సరుకు ఇంటికి తెచ్చినవాడు సగం సరుకే తెచ్చినట్టు లెక్క. ఇది మా గల్లీ శాసనం. దీని మీద అప్పీలు లేదు.

మా చిన్నప్పుడు... సూరత్‌లో ఉధ్నా పక్కన మా గల్లీ పొద్దంతా సాంచెల... అదే, మరమగ్గాల... చప్పుడుతో దడదడలాడేది. మా బాపులాంటి వాళ్ళంతా సిరిసిల్ల, జగిత్యాల వైపు నుంచి వచ్చి ఆ సాంచెల మీద బట్ట నేసేవారు. గల్లీ మొదట్లో రాజవ్వ దుకాణం. దుకాణమంటే ఒంటిగది అర్ర, ఒక తక్కెడ, గోనెసంచుల్లో జొన్నలు, చింతపండు, ఎండుమిరపకాయలు... వాటన్నిటికంటే ఘాటుగా రాజవ్వ నోరు.

అమ్మ పావుకిలో పప్పు తెమ్మంటే నాకు పప్పు సంగతి పట్టేది కాదు. తూకం అయ్యాక అంగీ కొస చాచి "అవ్వా, కొసరు!" అనడం కోసమే పరుగెత్తేవాడిని. గుప్పెడు పుట్నాలో, చిన్న బెల్లం ముక్కో పడేది. ఒకసారి ఆశ ఆగక, ఇంటికి పోయి అన్న అంగీ తొడుక్కుని, తల అడ్డదిడ్డంగా దువ్వుకుని మళ్ళీ వెళ్ళాను.

"ఏందిరా, అంగి మార్చినవ్ గని మూతి మార్చలే గదా!" అంది రాజవ్వ. పక్కన కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్న ఆమె కూతురు సుగుణక్క పడీ పడీ నవ్వింది. రాజవ్వ తిట్టి, తిట్టి... ఇంకో బెల్లం ముక్క పెట్టింది.

ఒక ఏడు బాపు చెయ్యి సాంచెలో పడింది. పని పోయింది. అమ్మేమో ఒకరి ముందు చెయ్యి చాచే మనిషి కాదు. నన్ను కిలో బియ్యానికి పంపేది. రాజవ్వ కిలో తూచేది. ఆ తర్వాత కొసరు వేసేది... వేసేది... వేస్తూనే ఉండేది. సంచి మోయలేక దారిలో రెండుసార్లు కూలబడేవాడిని.

అమ్మకు అనుమానం వచ్చి దుకాణానికే వెళ్ళింది. "ఇదేం కొసరే రాజవ్వా, అసలు కంటే ఎక్కువున్నది?"

"నా తరాజు మంచిగ లేదే. ముల్లు ఇర్కింది. నువ్వేం పరేషాన్ గాకు."

బాపు చెయ్యి మానేదాకా ఆ ముల్లు బాగుపడలేదు.

రాజవ్వ పోయాక అదే అర్రలో సుగుణక్క కూర్చుంది. అంతలో కరోనా వచ్చిపడింది. సాంచెలు ఆగిపోయాయి. బుద్ధెరిగాక మా గల్లీలో పిట్టల అరుపు వినడం నాకు అదే మొదటిసారి... వింటే సంతోషం వేయలేదు, భయం వేసింది. జనం మూటలు కట్టుకుని ఊళ్ళకు పోయారు. పోలేక మిగిలినవాళ్ళ కోసం సుగుణక్క తక్కెడ ముల్లు మళ్ళీ ఇరుక్కుంది.

తర్వాతి ఏడు, మూతబడ్డ సాంచెల షెడ్డు పడగొట్టి పెద్ద అద్దాల దుకాణం కట్టారు. లోపల ఏసీ, మొహం కనిపించే నున్నటి బండలు. మనం తినే జొన్నలకే రంగుల సంచి తొడిగి నాలుగింతల ధర! మొదటి రోజు మా వాళ్ళంతా చెప్పులు బయట విప్పి లోపలికి పోయారు. నేను ఊరుకుంటానా... "కాళ్ళు గూడ కడుక్కొని పోవాల్నంట" అని చెప్పి ఇద్దరిని నల్లా దాకా పంపాను.

నిజం మాత్రం చెప్పాలి. ఆ దుకాణం వచ్చాక గల్లీ మొదట్లో దీపాలు వెలిగాయి. ఎన్నేళ్ళు మొత్తుకున్నా మూయని మురుగు మోరీ మీద బండలు పడ్డాయి. చీకటి పడ్డాక పని నుంచి వచ్చే ఆడపిల్లలకు ధైర్యం వచ్చింది. మా గల్లీ పేరు చెబితేనే ముఖం తిప్పుకునే ఆటోలు లోపలికి రావడం మొదలుపెట్టాయి. బస్తీ బాగుపడింది. సుగుణక్క అర్ర యజమాని కూడా బాగుపడ్డాడు... ఇప్పుడిది మంచి జాగా అయిందని కిరాయి రెండింతలు చేసి, ఇస్తే ఉండు, లేకపోతే ఖాళీ చెయ్యమన్నాడు.

నాకు మండింది. గల్లీ జనాన్ని పోగేసి, సుగుణక్కను కూడా లాక్కుని అద్దాల దుకాణానికి పోయాను. తలా ఒక పొట్లం కొన్నాం. బిల్లు కట్టి, వరుసగా నిలబడి, అంగీ కొసలు చాచి, మాస్కుల్లోంచే ఒక్కసారిగా అరిచాం. "కొసరు!"

బిల్లు కొట్టేది సూరత్‌లో పుట్టి పెరిగిన మన పిల్లే. "అంకుల్, గట్ల సిస్టమ్ల లేదు... పీఛే లైన్ ఆగిపోయింది, ప్లీజ్ జరా హటో నా!" అని పక్కకు జరగమంటూ బతిమాలింది.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "క్యా చాహియే, కాకా?"

సుగుణక్కను ముందుకు నెట్టి, ఈమె దుకాణం పోతోంది, మీ మెట్ల పక్కన గంప పెట్టుకునేంత చోటు ఇవ్వండి అని అడిగాను. ఆయన తలూపాడు. ఇప్పుడు ఆ మెట్ల పక్కనే సుగుణక్క గంప... గోంగూర, ఎల్లిపాయ కారం. కార్లలో వచ్చేవాళ్ళు కూడా ఆగి కొంటారు. వాళ్ళకూ కొసరు వేస్తుంది. ఎందుకు వేసిందో తెలియక దానికీ డబ్బులివ్వబోతారు, పిచ్చివాళ్ళు!

చదివి సంతోషపడ్డారా? గంప సంగతి పూర్తిగా నా కల్పన. మేనేజరు తల ఊపింది నిజమే... అడ్డంగా. "ఊపర్ సే మంజూరీ నహీ మిలేగీ, కాకా," అన్నాడు పాపం, చేతులు జోడించి. పైవాళ్ళు ఒప్పుకోరట.

అర్ర ఖాళీ అయింది. సుగుణక్క ఇప్పుడు ఆ అద్దాల దుకాణంలోనే పప్పులు తూచే పనిలో ఉంది. నెల జీతం, చల్లటి గాలి. "మంచిగనే ఉందిరా కోతీ, రంది వెట్టుకోకు" అంటుంది.

మొన్న వెళ్ళి పావుకిలో పెసరపప్పు అడిగాను. మిషన్ మీద అంకె సరిగ్గా నిలిచింది. అక్క చెయ్యి అలవాటుగా మళ్ళీ పప్పులోకి పోయింది... పిడికిలి నిండింది... పైనున్న కెమెరా వంక ఒకసారి చూసి, మెల్లగా వదిలేసింది.

మీ వైపు కొసరు వేసే చెయ్యి ఇంకా ఎక్కడైనా మిగిలి ఉందా? ఉంటే ఊరి పేరు రాయండి... సంచి పట్టుకుని వస్తాను.