మళ్ళొద్దాం బాబాయ్ గది

మూసిన తలుపుని ఆయన రెండోసారి తట్టరు. అలాగని వదిలిపెట్టరు కూడా. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, గుర్తు రాసుకుని, "మళ్ళీ వద్దాం" అని సాగిపోతారు. వీడియో గేములు తయారుచేసే ఆ ఆఫీసులో ఆయన అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు. అందరికీ ఆయన మళ్ళొద్దాం బాబాయే.

ఆయన బల్ల సొరుగు రెండేళ్ళుగా బిగుసుకుపోయి ఉంది. రోజూ పొద్దున్నే ఒక్కసారి లాగి చూసి, రాకపోతే మర్యాదగా వదిలేస్తారు.

"మా నాన్న పిల్లనివ్వనంటే నోరెత్తకుండా వెళ్ళిపోయారు. రెండేళ్ళకి ఉద్యోగం సంపాదించుకుని అదే గుమ్మంలో నిలబడ్డారు. ఈ మనిషికి ఇదొక రోగమని నాకు అప్పుడే తెలియాల్సింది" అంటుంది ఆయన భార్య.

నిజానికి ఆయన గీసే ఆటల పటాలన్నీ ఇంతే. లోకమంతా గదులు గదులుగా ఒకదాన్నొకటి కలుపుకుని ఉంటుంది. మొదటి గదిలోనే అందని అరుగొకటి ఊరిస్తుంది. ఎంత ఎగిరినా లాభం లేదు. ఎక్కడెక్కడో తిరిగి, రాక్షసులతో తన్నులు తిని, గోడలెక్కే శక్తి సంపాదించుకుని వెనక్కొస్తే, అప్పుడు అందుతుంది.

ఆ ఆటల్ని ఆడి తప్పులు పట్టడం ఒక అమ్మాయి పని. మూడేళ్ళ కిందట తను గీసిన గది ఒకటి పట్టుకుని, పటాలు గీసే ఉద్యోగం కోసమే వచ్చింది. మేనేజరు చూసి, "గది బాగుంది. లోపలికెళ్ళినవాడు బయటికెలా వస్తాడమ్మా?" అన్నారు. ఆ గదికి బయటికి దారి పెట్టడమే మరిచిపోయింది మరి. చివరికి తప్పులు పట్టే పని దొరికింది.

"బాబాయ్, నా గురించి మేనేజరుగారికి ఓ మాట చెప్పరూ?"

"చెబుతానమ్మా. ఇప్పుడు కాదు. మళ్ళీ వద్దాం."

ఈ మాట మూడేళ్ళుగా వింటోంది. పైగా పడితే పైకి రాలేని గోతులు, వెనక తలుపు మూసుకుపోయే గదులు, ఎక్కడ ఏ పాడు గది తయారైనా బాబాయ్ ఆమె బల్లమీదకే తోసేవారు. మనిషి తేనె పూసిన కత్తి అని ఆమె తీర్మానించుకుంది. ఒక శుక్రవారం రాజీనామా కాగితం బ్యాగులో పెట్టుకుని వచ్చింది, కొత్త ఆట చివరి పరీక్ష అవగానే ఇచ్చేద్దామని.

ఆ పరీక్షలో ఆమె ఆట గెలిచింది. గెలిచాక మొదటి గదితో ఎవరికీ పనుండదు. కానీ బాబాయ్ పక్కన మూడేళ్ళు కూర్చున్న పాపానికి ఆ రోగం ఆమెకీ అంటుకుంది. వెనక్కెళ్ళి, గోడెక్కి, ఆ అరుగు దాటింది. లోపల వంకర మెట్లు, నీళ్ళు కారే పైకప్పు, ఆగిపోయిన గడియారం. వెనక తలుపు ధడాల్న మూసుకుంది.

"బాబాయ్! ఇది నా గది!"

"అవునమ్మా."

"దారి లేదు, ఇరుక్కుపోయాను!"

"అప్పుడూ లేదుగా."

"మీరు పెట్టచ్చు కదా?"

"గది నీదైతే దారి నేనెందుకు పెట్టాలి? ఇన్ని గోతుల్లో పడి లేచినదానివి!" అని చిన్న పుస్తకం ముందుకు తోశారు. మూడేళ్ళ కిందటి పేజీలో ఇలా ఉంది: 'ఈ అమ్మాయి గది. ఇరుక్కోవడమంటే ఏమిటో తెలిశాక మళ్ళీ వద్దాం.'

ఇన్నాళ్ళూ తిట్టుకున్నందుకు ఆమెకి సిగ్గేసింది. బ్యాగులో చేతికందిన కాగితం లాగి గబగబా గీసింది. గడియారం ముల్లు తిప్పితే కారే నీళ్ళు గది నిండా నిండాలి. ఆడేవాడు తేలుతూ పైకప్పు కన్నంలోంచి బయటపడాలి.

బాబాయ్ అప్పటికే మేనేజరుని పిలుచుకొచ్చారు. మేనేజరు కాగితం అటూ ఇటూ వంచి చూశారు. "దారి దొరికిందన్నమాట! వచ్చే ఆటకి పటాలు నువ్వే గియ్యి" అంటూ కాగితం వెనక్కి తిప్పారు. "ఇదేంటిది? 'గౌరవనీయులైన మేనేజరు గారికి, నా ఉద్యోగానికి...'"

అమ్మాయి చటుక్కున కాగితం లాక్కుంది.

"అటువైపు ఇప్పుడు కాదు సార్. మళ్ళీ వద్దాం."