మనసు పుస్తకంలో పెన్సిల్ రాతలు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. గొంతు పెంచి చెప్పే ఓపిక ఈమధ్య నాకు ఉండటం లేదు. ఎందుకో వింటే మీకే తెలుస్తుంది.

మా ఆయన గమ్హరియా అనే ఊళ్లో రేకులు సాగగొట్టే కర్మాగారంలో ముప్ఫై ఏళ్లు పనిచేశారు. రిటైరై సీతారాండేరా పేటలోని మా ఇంట్లో కూర్చున్నాక మాట తగ్గిపోయింది. ఏమడిగినా "ఊఁ". మనిషి లోపల ఏమవుతోందోనని నాకు దిగులు పట్టుకుంది.

నా చదువు ఐదో తరగతి. మనవరాలి కాలేజీ సైకాలజీ పుస్తకం, హిందీది, పరీక్షలయ్యాక అటకెక్కబోతుంటే అడిగి తీసుకున్నాను. వంటయ్యాక వేలు పెట్టి రోజుకో పేజీ చదివేదాన్ని. పక్కన ఖాళీలో పెన్సిల్‌తో తెలుగులో రాసుకునేదాన్ని. దిగులు గురించి ఉన్నచోట, "పప్పు మాడిందన్నా ఊఁ అన్నారు." భయాల గురించి ఉన్నచోట, "సాక్చి బజారుకు రమ్మంటే రారు. గుంపంటే భయమేమో." ఇంకోచోట, "అందరూ నవ్వాక నవ్వుతారు."

తెలుగు అక్షరాలు రాని మనవరాలు ఆ రాతలు నాచేత చదివించుకుని నవ్వింది. "నానీ, యే సైకాలజీ హై యా నానాజీ కీ కంప్లైంట్ బుక్?" ఇది సైకాలజీనా, తాత మీద ఫిర్యాదుల పుస్తకమా అని.

"నవ్వకే. మీ తాతకి మనసు బాగోనేదు," అన్నాను.

వానాకాలమంతా చదివాను. కళ్లు లాగేసేవి. ఏ జబ్బూ ఆయనకు పూర్తిగా సరిపడలేదు. చివరి పేజీ కింద, "నాకు తెలియటం లేదు. ఈయనే చెప్పాలి" అని రాసి, పుస్తకం అలాగే వదిలేసి కూరలకు వెళ్లాను.

వచ్చేసరికి నా రాత కింద ఆయన రాత ఉంది. కర్మాగారంలో దిగిపోయే షిఫ్టువాళ్లు యంత్రం సంగతి లాగ్‌బుక్కులో రాసి సంతకం పెడతారు. ఎక్కే షిఫ్టువాళ్లు దాని కింద "చూశాను" అని రాస్తారు. సరిగ్గా ఆ తీరులోనే రాశారు:

"ఎడమ చెవి బంద్. కుడి చెవి సగం నడుస్తోంది. తరువాతి షిఫ్టుకు తెలియజేయడమైనది."

కింద సంతకం.

కుడి చెవి దగ్గరికి వెళ్లి అరిచాను. "ముందే సెప్పొచ్చు కదండీ."

"అంత లావు పుస్తకం సదువుతన్నావు. అందులో ఉంటాదనుకున్నాను," అన్నారు. మళ్లీ ఆయనే, "సెవుడోడంటారని సిగ్గేసింది," అన్నారు.

కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేకపోయింది. పెన్సిల్ తీసుకుని ఆ సంతకం కింద "చూశాను" అని రాశాను.

డాక్టరు ఇచ్చిన చెవి మిషను ఎక్కువగా డబ్బాలోనే ఉంటుంది. అరిచే పని నాదే. మీ ఇంట్లో మాత్రం ఒకరి మాట ఒకరికి మొదటిసారికే వినపడాలి, మీరంతా చల్లగా ఉండాలి.