రెక్క విప్పనివ్వలేదు

దసరా నాడు నేను గడప దాటను. మోకాళ్ల నొప్పులని ఇంట్లో వాళ్లు అనుకుంటారు. అనుకోనిస్తాను. నా గుండె మీద ఇన్నేళ్లుగా ఉన్న బరువు గురించి నా భార్యకు కూడా చెప్పలేదు, చెప్పకుండానే ఆమెను కాటికి సాగనంపాను. మీరు నాకేమీ కారు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నైజాం రోజులు. మహబూబ్‌నగర్ కచేరీలో గుమాస్తాని. మా అధికారికి పిట్టల పిచ్చి. సెలవు దొరికితే మెడలో దుర్భిణీ వేసుకుని చెరువు గట్ల వెంట తిరిగేవాడు. వెనకాల నేను, పుస్తకంలో పేర్లు రాసుకుంటూ. పిట్టల సంగతంటే నన్నే అడగాలని ఊళ్లో పేరొచ్చింది. ఆ పేరంటే నాకు ప్రాణం. అది తప్ప నాకేముంది చెప్పండి?

మాకు దారి చూపేవాడు బాలయ్య. పిట్టలు పట్టి బతికే మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి. అక్షరం ముక్క రాదు. ఒక వానాకాలం మోడు మీద వాలిన పిట్టను చూపి అధికారి ఏమిటిదని అడిగాడు. డేగ అన్నాను. బాలయ్య నవ్వాడు. చూపుకే డేగ, జాతికి కోయిల, కాసేపాగితే కూస్తుందన్నాడు. కూసింది. అధికారి అతని భుజం తట్టి, నా పుస్తకంలో నా చేతనే ఆ మాట కొట్టేయించాడు. ఇంత చిన్నదానికా అంటారు మీరు. నేనూ అదే అనుకుంటాను. కానీ ఆ నవ్వును నేను లోపల పెట్టుకుని, ఎవరికీ తెలియకుండా, రెండు నెలలు పెంచాను.

దసరా నాడు పాలపిట్టను చూస్తే ఏడాదంతా మంచి జరుగుతుందని మా వైపు నమ్మకం. ఆ ఏటి దసరాకు బాలయ్య పంజరంలో ఒక పాలపిట్టను తెచ్చి మా వాడలో చూపించాడు. ఆ పూట జనం పోసే గింజలతోనే అతని ఇల్లు చలికాలం గడవాలి. పిట్ట కొట్టుకుని గాయపడకుండా తల, రెక్కలు, తోక కప్పేలా గుడ్డ చుట్టాడు. నీలమంతా గుడ్డ కింద ఉండిపోయి, గోధుమరంగు రొమ్ము ఒక్కటే కనిపిస్తోంది. ఎవరో అనుమానపడ్డారు. అందరూ నా వైపు తిరిగారు.

"జెప్పు సారూ, నీకెరుకే గద. పాలపిట్టనే గద ఇది?" అన్నాడు బాలయ్య. నేనున్నానన్న ధీమా అతనిది.

చూడగానే తెలుసు నాకు. "కాదు" అన్నాను.

"గట్లంటవేంది సారూ? జర ఆగుండ్రి, గుడ్డ ఇప్పుతా. రెక్క సూడుండ్రి."

"ఇప్పనియ్యకుండ్రి. ఎగిరిపోతది, ఇగ రుజువే ఉండది. గదే వీని ఎత్తు" అన్నాను.

ఎంత తెలివైన మాట! సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మాట మీద నాకు లోలోపల ఇప్పటికీ కొంచెం మెప్పుంది.

పండగ పూట మోసమా అని జనం అతని మీద పడ్డారు. గుడ్డ విప్పబోయిన కుడిచేతిని బండమీద అదిమి కట్టెతో కొట్టారు. పంజరం కాళ్ల కింద నలిగింది. ఆపాలనిపించలేదా? లేదు. హాయిగా ఉండింది. ఇప్పుడు నవ్వు, అనుకున్నాను.

అందరూ జమ్మి దగ్గరకు వెళ్లాక, చచ్చిన పిట్టను తీసి గుడ్డ విప్పాను. రెక్క తెరిచాను. అంత నీలం నేను మళ్లీ చూడలేదు. ఎవరైనా చూస్తారేమోనని గుడ్డ చుట్టేసి మురుగు మోరీలో పడేశాను. ఇంట్లో అమ్మ, "పాలపిట్ట కనవడ్డదా బిడ్డా?" అంది. కనబడ్డదన్నాను. సంతోషించింది.

బాలయ్య కుడిచేతి వేళ్లు మళ్లీ తిన్నగా కాలేదు. వల పట్టే వేళ్లు అవి. మోసగాడని అధికారితో కూడా చెప్పాను కనుక మా వెంట రావడమూ పోయింది. చలికాలం చివర్లో సంతలో కనిపించాడు, కట్టెల మోపు ముందేసుకుని. పక్కన పిల్లలు ఇద్దరే ఉన్నారు. మూడోవాడేడని నేను అడగలేదు. ఎడమచేత్తో సలాం పెట్టాడు.

"ఆ దినం నీకు పిట్ట సక్కగ కనవడలేదేమో సారూ" అన్నాడు.

కోపం లేదు ఆ గొంతులో. నన్ను తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి. నేనేం చేశాను? తల ఊపాను. అవును, కనబడలేదన్నట్టు. ఆ పేదవాడు ఇచ్చిన సాకును కూడా తీసుకుని ఇంటికి వచ్చేశాను.

అతను ఇప్పుడు లేడు. క్షమించమని ఎవరినీ అడగను, అడిగే మొహం లేదు. ఆ సంతలో అనవలసిన మాట మీ ముందు అంటున్నాను, అంటే కాస్త ఊపిరాడుతోంది.

కనబడింది బాలయ్యా. బాగా కనబడింది.