కచ్చా కుట్టు మీద ఉన్న ఇల్లు

ఆ వీధిలో అందరికీ ఆవిడ టైలరక్కే. ఇప్పుడు లేదు గాని, ఆవిడ కుట్టిన చొక్కాలు ఇంకా చాలామంది ఒంటి మీద ఉన్నాయి. కొలత తీసుకునేటప్పుడు పొట్ట లోపలికి లాక్కునే మగాళ్లను చూసి, "వదిలెయ్యి నాయనా, ఎన్నాళ్లు దాస్తావు" అనేది.

ముందు గది కొట్టు, వెనక గది కాపురం. ఆ ఇల్లూ, ఒక తమ్ముడూ, అంతే ఆవిడ ఆస్తి. తమ్ముడికి జుట్టు నెరిసినా బుద్ధి పసివాడిది. బొత్తాలు మాత్రం ముచ్చటగా కుట్టేవాడు. ఎవరేమడిగినా "తీసుకో" అనేవాడు. ఓసారి అక్క బజారుకెళ్లి వచ్చేసరికి కుట్టుమిషనే లేదు. ఎవరో బాగుందన్నారట. వీధి వీధీ తిరిగి వెనక్కి తెచ్చుకుంది.

తన తర్వాత వాడి గతేమిటన్నది ఆవిడకు గొంతులో ముల్లు. వీలునామా రాయిద్దామని, తన దగ్గర బట్టలు కుట్టించుకునే వకీలు దగ్గరికి వెళ్లింది. మామూలు వీలునామా రాస్తే ఇల్లు నేరుగా తమ్ముడి చేతికే వస్తుందన్నాడాయన. ఆ చేతి సంగతి ఆవిడకు తెలియనిదా? అలా కాక బతికుండగానే ట్రస్టు పెట్టి ఇల్లు దాని పేర రాస్తే, ఉన్నన్నాళ్లూ ఆవిడే చూసుకోవచ్చు, ఆ తర్వాత పిన్ని కూతురు చూస్తుంది. తమ్ముడు అక్కడే ఉంటాడు గాని, ఇంకొకరికి ఇవ్వలేడు. మనసు మారితే ఆవిడ రద్దు కూడా చేసుకోవచ్చు.

ట్రస్టు పత్రం మీద సంతకం పెట్టింది. ఇల్లు మాత్రం తన పేరనే ఉంచుకుంది. ఆవిడ పనితీరే అంత. తొడిగి చూడనిదే ఎవరి బట్టకీ పక్కా కుట్టు వేసేది కాదు. ఇదీ కొన్నాళ్లు కచ్చా కుట్టు మీద ఉండనీ, చూద్దాం అనుకుంది.

ఇంతలో కడుపులో గడ్డ అన్నారు, ఆపరేషన్ అన్నారు. ఆస్పత్రిలో చేరే ముందు రోజు వకీలు కొత్త ప్యాంటు తొడిగి చూసుకోవడానికి వచ్చాడు. నడుం దగ్గర గుండుసూదులు పెడుతుంటే ఇల్లు ఇంకా ఆవిడ పేరనే ఉందన్న సంగతి మాటల్లో బయటపడింది.

"అయితే ఆ ట్రస్టులో ఏముందక్కా?"

"పత్రం రాయించాంగా."

"జేబు కుట్టి డబ్బు బయట పెట్టుకున్నట్టుంది. నీకేదన్నా అయితే ఇల్లు తిన్నగా తమ్ముడికే పోతుంది."

"ఇంకా సరిచూసుకోలేదు బాబూ."

"నువ్వు పోయాక సరిచూసుకోవడానికి ఎవరొస్తారక్కా?"

ఆవిడ ఇంటి కాగితాలు తీసి, చెప్పులేసుకుని, రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పద అంది. సూదులు గుచ్చుకుంటున్నాయని ఆయన మొత్తుకుంటే, మెల్లగా నడవమంది. సాయంత్రానికి ఇల్లు ట్రస్టు పేరుకి మారింది. ఆ రాత్రి చాలా కాలానికి ఒళ్లెరగకుండా నిద్రపోయింది.

ఆపరేషన్ గట్టెక్కింది. మళ్లీ మిషన్ ముందు కూర్చున్న కొత్తలో, చొక్కా కోసం వచ్చినాయన గదంతా కలియజూసి, సామాను పెట్టుకోవడానికి భలే ఉంటుందన్నాడు.

"తీసుకోండి, మాదే" అన్నాడు తమ్ముడు.

ఎప్పుడూ ఆ మాట వినగానే లేచి పరిగెత్తుకొచ్చే అక్క, ఈసారి కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. సూదిలోకి దారం ఎక్కిస్తూ, వెనక గది కూడా బాగుంటుంది, అదీ ఇచ్చెయ్యమంది.