నాయన తల మీద టోపీ నిలిపేదానికి

మా నాయనకు తలగుడ్డ కట్టుకోవడం కంటే తీయడం బాగా వచ్చు. బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడితోపుకు ఆయన ఎన్నో ఏండ్లుగా కావలి మనిషి. పొద్దున్నే నగరి నేత తువ్వాలు తలకు చుట్టుకోని పోతాడు. తోపుగలాయన బండి శబ్దం వినబడితే చాలు, ఆ తువ్వాలు ఊడొచ్చి చంకలోకి పోతుంది. ఆయనొక్కడికే అయితే సరేలే అనుకుందును. కాయలు కొనే మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మేనేజరుకూ అంతే, కాయలు చూసుకునే దళారికీ అంతే, మెయిన్ రోడ్డు ఏ పక్కప్పా అని అడిగే కారు డ్రైవరుకూ అంతే. ప్యాంటు వేసుకోని బండి మీద వచ్చినోళ్ళంతా ఆయన లెక్కలో పెద్దోళ్ళే.

ఇంట్లో దీనికి ఎగిరెగిరి పడేది నేనొక్కదాన్నే. "వాళ్ళు అడిగినారా నిన్ను తీయమని?" అంటే, "అడగాల్నా యేందిమే? మన మర్యాద మనది" అంటాడు. అమ్మ ఒకసారి అసలు సంగతి చెప్పింది. పెండ్లికి ముందు, తలగుడ్డతోనే ఎదురుపడినాడని పాత తోపుగలాయన చేతికర్రతో ఆ గుడ్డను ఎగరగొట్టినాడంట, కూలోళ్ళంతా చూస్తుండంగా. ఆ ముసలాయన పోయి ఎన్నాళ్ళో అయింది. ఇప్పుడు కొడుకు బెంగళూరు నుంచి నిక్కరు వేసుకోని వచ్చి, "తీయొద్దప్పా, నాకే సిగ్గుగా ఉండాది" అంటాడు. అన్నా కూడా మా నాయన చెయ్యి పైకి పోనే పోతుంది.

పోయిన ఎండాకాలం ఆయన నడినెత్తిన, చిన్నప్పుడెప్పుడో కాలిన మచ్చ మీద పుండు లేచింది. పసుపు పెట్టినారు, ఆకు పసరు పెట్టినారు, మానలేదు. నేను తిరుపతిలో ఒక విత్తనాల కంపెనీలో పని చేస్తాను. ఊర్లు తిరిగి చేలు చూసి రాసుకొచ్చే పని. నాయనను పట్టుబట్టి తిరుపతికి తీసుకొచ్చి పెద్దాసుపత్రిలో చూపించినాను. ముక్క తీసి పరీక్ష చేసి క్యాన్సర్ అన్నారు. పుండు కోసేసి, తొడ మీది చర్మం తెచ్చి అతికించినారు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. "అంతా తీసేసినాం. కానీ ఆ చోట ఎండ పడకూడదు. మళ్ళీ లేచిందంటే ఎముక దాకా పోతుంది, అప్పుడు నా చేతిలో కూడా ఏమీ ఉండదు. తువ్వాలు బిగించి కట్టొద్దు, రాసుకుంటుంది. చుట్టూ అంచు ఉండే టోపీ పెట్టండి." పని మానేయి నాయనా అంటే, తోపులోకి పోకపోతే నాకు అన్నం దిగదు అన్నాడు. ఇంక మిగిలింది టోపీనే.

తిరుపతిలో టోపీలకు కరువా? గుండు కొట్టించుకోని కొండ దిగినోళ్ళు మొదట వెతికేది దాన్నే. బస్టాండు చుట్టూ అంగడి అంగడీ ఎక్కి దిగినాను. ముందర మాత్రం అంచు ఉండేవి, ఉన్ని మంకీ టోపీలు, పిల్లకాయల బొమ్మల టోపీలు, అన్నీ ఉండాయి, నాకు కావల్సింది తప్ప. ఒక అంగడాయన నవ్వుతా, "గుండు ఎవురికి మేడమ్, మీకేనా?" అన్నాడు. "గుండు కాదు, మా నాయన ప్రాణం" అని కసిరినాను. పాపం ఆయన గమ్మున అటక మీది అట్టపెట్టె దించి, క్రికెట్ అంపైర్లు పెట్టుకునేట్లాంటి తెల్ల గుడ్డటోపీ తీసిచ్చినాడు. పెట్టి చూసుకుంటే చెవులు, మెడ అన్నీ నీడలో ఉండాయి.

టోపీతో నాయన తోపులోకి అడుగుపెట్టంగానే కూలి ఆడోళ్ళు పట్టుకున్నారు. "అబ్బో, దొరగారే! షికారుకా దొరా? తుపాకీ యాడ?" నాయన సిగ్గుతో మెలికలు తిరిగినాడు గానీ లోపల సంబరమే. పంచె ఎగ్గట్టుకోని, ఆ తెల్ల టోపీ కింద మీసం దువ్వుకుంటా నిలబడితే భలే ఉండాడు. ఫోటో తీద్దామని సెల్లు పైకెత్తినానో లేదో, గేటు కాడ మేనేజరు జీపు ఆగింది. అంతే, టోపీ చంకలో. అతికించిన చర్మం ఇంకా ఎర్రగా, నిగనిగా, మిట్టమధ్యాహ్నం ఎండలో.

"నాయనా!" అని నేను వేసిన కేకకు ఆ మేనేజరే ఉలిక్కిపడినాడు.

ఆ సాయంత్రమే టోపీకి గడ్డం కింద ముడి వేసుకునేట్ల ఒక నాడా కుట్టినాను. తీసేది కష్టమైతే మానుకుంటాడులే అని నా తెలివి. నా తెలివి తెల్లారినట్టే ఉండాది! నాలుగు దినాలకు అమ్మ ఫోన్ చేసి, "నీ నాడా బాగుండాది మే. విప్పేదానికి టైం పడుతుందని ఇప్పుడు బండి మలుపు కాడ ఉండంగానే మొదలుపెడతాండాడు" అనింది.

అప్పటి నుంచి తిరుపతిలో నాకు కాలు ఒకచోట నిలబడలేదు. పొద్దెక్కితే చాలు ఫోను. "టోపీ ఉండాదా?" "ఉండాది మే." "ఎవురన్నా వచ్చినారా?" "నువ్వు తిన్నావా మే?" అంటాడు. వచ్చినారని అర్థం. ఒకనాడు కోపం పట్టలేక "సస్తావు నాయనా" అనేసి, ఫోను పెట్టినాక నోరు కొట్టుకున్నాను. మేనేజరుకు చేసి మీరన్నా చెప్పండి సార్ అంటే, "చెప్పినానమ్మా, వింటేనా?" అన్నాడు. అందరి మీదా మండిపోయేది. ఆ సచ్చిన ముసలోడి మీద, జీపు మీద, బండి ఎక్కిన ప్రతి మనిషి మీద.

పోయిన వారం పలమనేరు పక్క చేలు చూసే పని పడింది. కొత్తగా కొన్న స్కూటరు మీదనే పోయినాను. ప్యాంటు, బూట్లు, ఎండకు పొడుగు చేతుల కోటు, ముఖమంతా మూసే హెల్మెట్. తిరిగొస్తా, చెప్పాపెట్టకుండా పోయి చూద్దామని తోపు దారి పట్టినాను.

గేటు కాడి నుంచే కనబడినాడు. చెట్టు పాదు తవ్వుతా ఉండాడు. తల మీద తెల్ల టోపీ. నా సంతోషం ఏం చెప్పేది! విన్నాడు, నా మాట విన్నాడు, అనుకుంటా బండి లోపలికి తిప్పినాను.

శబ్దానికి తిరిగి చూసినాడు. పార వదిలేసి గడ్డం కింద ముడితో గబగబా పెనుగులాడినాడు. అది రాలేదు. నేను దగ్గరికొచ్చేస్తున్నానని నాడాను పుటుక్కున తెంపేసినాడు. టోపీ చంకలో పెట్టుకోని, ఎగ్గట్టిన పంచె దించి, బోడి నెత్తిన ఎండ కాలుతుంటే నా ముందర తల వంచి నిలబడినాడు.

"ఎవురు కావల్ల సార్?" అన్నాడు.

ఇన్ని దినాలు నేను తిట్టిన వాళ్ళందరి వరసలో నేనూ నిలబడుండాను. సిగ్గుతో చచ్చిపోయినాను. నాయనా, నేనే అని ముఖం చూపిద్దామని హెల్మెట్ తీయబోతే, గడ్డం కింద క్లిప్పు బిగుసుకోని అదీ రాలేదు.

"ఎండ మండిపోతాండాది సార్" అన్నాడు మా నాయన, తల ఎత్తకుండానే. "మీరు నీడకు రాండి."