కొబ్బరి పొట్టులో పుట్టమన్ను

కొత్త విమానాశ్రయం చుట్టూ రోడ్లు వేస్తున్న రోజుల్లో పాల్మాకులలోని మా మెట్ట చెలక ఎర్రమట్టిని లారీలకెత్తి అమ్మేశాం. ఇక అడుగున రాళ్ల మొరం తప్ప ఏమీ మిగల్లేదనగా, మట్టి లేకుండా కూరగాయలు పండించవచ్చని చెప్పే సలహాదారు ఒకాయన దిగాడు. సమయం చూసుకునే వచ్చినట్టున్నాడు.

ఆయన్ని తీసుకొచ్చింది ఎయిర్‌పోర్టులో ఉద్యోగం చేసే మా అన్న. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నట్టు, మన్ను లేని చెలకలో పాలీహౌస్ లేచింది. కోస్తా నుంచి ఇటుకల్లా బిగించిన కొబ్బరి పొట్టు వచ్చింది. దాన్ని నానబెట్టి, ఉప్పు పోయేదాకా కడిగి, తెల్ల సంచుల్లో నింపాం.

“మట్టితోనే రోగాలండీ. కాళ్లు కడుక్కుని లోపలికి రండి,” అన్నాడు సలహాదారు.

పుట్టిందగ్గర్నుంచీ మట్టిలోనే ఉన్న మా బాపు బుద్ధిగా కాళ్లు కడుక్కునేవాడు. తన చెలకలో మళ్లీ ఒక పంట చూడాలన్నదే ఆయన ఆశ. అందుకోసం తలస్నానం చేయమన్నా చేసేవాడు.

కీర దోస నారు పెట్టిన రోజు అమ్మ పసుపు, కుంకుమలతో వచ్చింది. పుట్టమన్ను లేనిదే మా ఇంట్లో పెళ్లి పని మొదలుకాదు. నారు పెట్టడం మాత్రం శుభకార్యం కాదా? ఎవరికీ చెప్పకుండా సంచికో చిటికెడు పుట్టమన్ను వేసింది.

పూత వేళకు తీగలు ఎండకు వాలి, సాయంత్రానికి లేవడం మానేశాయి. సలహాదారు ఒక కాండం చీల్చి, లోపలి గోధుమరంగు చూపించాడు.

“ఎవరో మట్టి కలిపారండీ,” అన్నాడు, విషం కలిపారన్నట్టు.

“నేనే ఏసిన,” అంది అమ్మ. “మన్ను లేకుంట మొక్క ఎట్ల బతుకుతదని ఏసిన.”

అన్న అమ్మ మీద అరిచాడు. నాకు అన్న మీదా, ఆ పొట్టు మీదా, ఆ తెల్లచొక్కా సలహాదారు మీదా కోపం వచ్చింది. బాపు మాత్రం నెమ్మదిగా, “ఇగ ఈ పొట్టునేం జేయాలె సారూ?” అని అడిగాడు.

“పనికిరాదండీ. దూరంగా పారబోయండి.”

దూరమంటే పాలీహౌస్ తలుపు అవతలికని బాపు అర్థం చేసుకున్నాడు. పొట్టంతా మొరం మీద పరిచి, పశువుల ఎరువు కలిపి, వాన పడ్డాక బొబ్బర్లు చల్లాడు. అవి సలహా ఎవరినీ అడక్కుండానే మొలిచాయి.

బాపు నన్ను పిలిచి చూపించాడు. “ఇంకో పదేండ్లు గిట్లనే పోస్తే మళ్ల చెలకయితది,” అన్నాడు.

ఆయనకప్పటికే డెబ్బై దాటాయి. నాకు దుఃఖం ఆగలేదు.

“వచ్చే ఏడు పొట్టు నేను తెప్పిస్త బాపూ,” అన్నాను.