రాజరత్నం జీతం ఎంత?

రాజరత్నానికి మస్కట్‌లో నెలకు ఒక్క జీతమే వచ్చేది. సెలవు మీద ఆళ్లగడ్డకు వచ్చాడంటే మాత్రం అడిగినవాళ్లకల్లా ఒక్కో జీతం చెప్పేవాడు. ఒక ఇంట్లో చెప్పిన అంకెను ఇంకో ఇంట్లో చెప్పిన పాపాన పోలేదు. తడుముకునేవాడా అంటే అదీ లేదు. సొంత ఇంటి నంబరు చెప్పినంత ధీమాగా చెప్పేవాడు.

ఆడదాని వయసూ మగవాడి జీతమూ అడగకూడదన్నారు పెద్దలు. ఆ పెద్దలెవరూ నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో వచ్చి ఉండరు. ఈ దారిలో ముందు జీతం అడుగుతారు, ఆ తర్వాత తీరిగ్గా పేరు అడుగుతారు. ఒకసారి రాజరత్నం మేనల్లుడు తిమోతిని వెంటబెట్టుకుని బస్సెక్కాడు. బనగానపల్లె మామిడిపండ్ల కాలమది, ఏటా ఆ నెల్లోనే ఆయన సెలవు. టికెట్టు చింపుతూనే కండక్టరు మొదలుపెట్టాడు.

"యాడప్పా పని?"

"మస్కట్‌లో. ఇంగ్లీషు పేపర్లో ఎడిటర్‌ని."

"ఎడిటర్ అంటే ఏం పని?"

"వేరేవాళ్లు రాసిందాంట్లో పనికిరానిదంతా కొట్టేసే పని."

"దానికి దుడ్లు గూడా ఇస్తారా? మా ఇంట్లో మేం ఏం చెప్పినా మా అత్త ఊరికే కొట్టేస్తాది! ఇంతకీ ఎంతిస్తారు?"

"అది సరే అన్నా, నీకెంతిస్తాండారు?"

"ఇరవై నాలుగు వేలు."

"నాకు ఇరవై మూడు పడతాది, కటింగులన్నీ పోను."

కండక్టరు చెయ్యి ఆగిపోయింది. సముద్రం దాటిపోయి ఇరవై మూడా అని నోరు చప్పరించాడు. దిగేటప్పుడు రాజరత్నం సంచీ తానే అందుకుని కిందికి దించి, "డిపోలో నాకు తెలిసినోళ్లు ఉండారు, ఏమన్నా పని ఉంటే అడుగుతాలే, ఎన్నాళ్లని ఆడ పడుంటావ్?" అని భుజం తట్టాడు. రాజరత్నం చేతులు జోడించి, "అడుగన్నా, మర్చిపోవాకు" అన్నాడు. తిమోతి సిగ్గుతో తల వంచుకుని చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఈ అంకెల మీద ఊళ్లో రకరకాల వాదాలుండేవి. ఇన్‌కం ట్యాక్స్ భయమని కొందరు. అప్పులడుగుతారని కొందరు. దిష్టి తగులుతుందని భార్య కట్టడి చేసిందని ఇంకొందరు. ఆ భార్య ప్రమీలనే పట్టుకుని అడిగితే, "ఆయన చెప్పేదానికంటే ఎక్కువే, నేను ఖర్చుపెట్టేదానికంటే తక్కువే. లోపలికి రాండి, పండు కోస్తా" అని మాట మార్చేసేది. పండు తిన్నాక ఎవరికీ గుచ్చి గుచ్చి అడగాలనిపించేది కాదు.

తిమోతికి ఆ అంకెతో ఏనాడూ పని పడలేదు, ఈ ఏడు పడింది.

తిమోతి నంద్యాలలో ఉంటూ ఒక ఇంగ్లీషు పత్రికకు వార్తలు పంపే విలేకరి. పేరు పెద్దది, జీతం చిన్నది. ఎవరికీ చెప్పకుండా దోహాలోని ఒక పత్రికలో ఎడిటింగ్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాడు. రాకపోతే నలుగురిలో నగుబాటని మామకు కూడా చెప్పలేదు. రాతపరీక్ష అయింది, వీడియోలో ఇంటర్వ్యూ అయింది. చివరికి వాళ్లు ఒక్క ప్రశ్న పంపారు. నెలకు ఎన్ని రూపాయల జీతం కావాలో శనివారం సాయంత్రంలోగా మీరే చెప్పండి, అన్నారు.

అక్కడ వచ్చింది చిక్కు. ఎక్కువ అడిగితే పొమ్మంటారు. తక్కువ అడిగితే ఒప్పందం తీరేదాకా ఆ తక్కువలోనే పడి ఉండాలి. దీనికి తోడు పెళ్లి ఒకటి ముడిపడి ఉంది. తిమోతి, జ్యోత్స్న ఒకరికొకరు ఇష్టపడ్డారు. జ్యోత్స్న తండ్రి శాంసన్ నంద్యాలలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన "పిల్లోడు మంచోడే. సంపాదన సంగతి తేలనీ, ఆ మాటా ఈ మాటా అప్పుడే మాట్లాడుకుందాం" అని కూర్చున్నాడు. కాబట్టి తిమోతి రాసే ఒక్క అంకె మీద ఉద్యోగమూ, పెళ్లీ రెండూ ఆధారపడ్డాయి.

మామను తిన్నగా అడుగుదామా అంటే, పాత అనుభవం ఒకటి అడ్డొచ్చింది. తిమోతి విలేకరిగా చేరిన కొత్తలో సరదాగా అడిగితే "పదమూడు వేలు రా అల్లుడా, కటింగులు పోను" అన్నాడాయన. అప్పుడు నమ్మాడు, తర్వాత నవ్వుకున్నాడు. మళ్లీ అడిగితే మళ్లీ ఏదో ఒకటి చెబుతాడు. అందుకని విలేకరి బుద్ధి ఉపయోగించి, నలుగురినీ విచారించి నిజం తేల్చాలనుకున్నాడు.

మొదట మామ పక్కింటి ఎస్తేరు పెద్దమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆమె కొడుకు అజయ్ కుమార్ కువైట్‌లో డ్రైవరు.

"నాకు తెలీకేం? నేనే అడిగితి. మీ మామకు ముప్పై వేలంట. మా అజయ్‌కి ముప్పై రెండు!" అంటూ ఎస్తేరు స్టూలు మీద సర్దుకు కూర్చుంది. "వాడు పది తప్పినప్పుడు వీధంతా నవ్విరి. ఇప్పుడు చూడు, ఎమ్మే చదివినోనికంటే రెండు వేలు ఎక్కువే తెస్తాండాడు. అట్లని మీ మామను తక్కువ చేసి చెప్తాండానా? పాపం, కటింగులెక్కువ ఆయనకు."

ఆ పాపం కొద్దీ ఏటా సెలవు అయిపోయే ముందు రాజరత్నానికి ఒక పెద్ద సీసాడు గోంగూర పచ్చడి పెట్టి పంపేది. తిమోతి ముప్పై అని మనసులో రాసుకున్నాడు.

తర్వాత నాలుగు రోడ్ల దగ్గర బట్టల కొట్టు ఉమామహేశ్వరమ్మ. భర్త పోయాక కొట్టును ఒంటిచేత్తో నడిపి కొడుకు వేణుమాధవ్‌ను ఇంజనీరును చేసిన మనిషి. ఆమె మీటరు కర్రతో గుడ్డ కొలుస్తూనే చెప్పింది.

"అరవై అయిదు వేలంటప్పా. మా వేణుకు డెబ్బై. హైదరాబాదులోనే, అమ్మ చేతికి అందేంత దూరంలోనే! మీ మామ ఆ మాటే అన్నాడు. 'నేను అంత దూరం పోయినా మీవాణ్ణి అందుకోలేకపోతినమ్మా' అన్నాడు. అట్ల ఒప్పుకునే మనసు ఎంతమందికి ఉంటాది చెప్పు."

ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మురిపెంలో గుడ్డ కూడా బెత్తెడు ఎక్కువే చింపింది.

మూడోది శాంసన్ గారి ఇల్లు. తిమోతి వందనాలు చెప్పి, మాటల్లో మాటగా మామ సంగతి ఎత్తాడు.

"నలభై రెండు," అన్నాడు శాంసన్ ఠక్కున. "నా పెన్షన్ నలభై అయిదు. నేను ఈ వాలుకుర్చీలో కూర్చుని సంపాదించేది ఆయన రాత్రంతా కూర్చున్నా సంపాదించలేకపోతాండాడు. అందుకే నేనంటా, సర్కారు నౌకరికి మించింది ల్యా. నువ్వేమో పేపరు పేపరని తిరుగుతాండావ్!"

ముప్పై, అరవై అయిదు, నలభై రెండు. తిమోతి గదికి వచ్చి లెక్క వేశాడు. విలేకరులు ఇలాంటి చోట చేసే పనే చేశాడు. మూడూ కూడి మూడుతో భాగించాడు. సుమారు నలభై ఆరు వచ్చింది. అత్యాశకు పోకుండా, కొంచెం ధైర్యం కలిపి యాభై వేలు చేశాడు. దోహాకు పంపే జవాబు టైపు చేసుకుని, శనివారం పొద్దున ఆళ్లగడ్డకు పోయి మామను బండెక్కించుకున్నాడు. రాజరత్నానికి నంద్యాలలో కళ్లద్దాల పని ఉంది.

శిరివెళ్ల దగ్గర టీకి ఆగారు. గ్లాసు చేతిలోకి తీసుకున్నాక తిమోతి ఉద్యోగం సంగతి, పెళ్లి సంగతి అన్నీ బయటపెట్టాడు. రాజరత్నం ముఖం వెలిగిపోయింది.

"పిచ్చోడా, ఇంత పెద్ద మాట ఇన్నాళ్లు దాస్తివా! ఎంత అడుగుతాండావ్?"

"యాభై వేలు."

రాజరత్నానికి టీ పొలమారింది. దగ్గి, కళ్లు తుడుచుకుని, "ఎవరు చెప్పినారు రా ఆ అంకె?" అన్నాడు.

"నువ్వే చెప్తివి మామా! ఎస్తేరు పెద్దమ్మకు ముప్పై అంటివి, ఉమామహేశ్వరమ్మకు అరవై అయిదు అంటివి, శాంసన్ సారుకు నలభై రెండు అంటివి. సగటు తీసినా."

"నా అబద్ధాలకు సగటు తీస్తివా!" రాజరత్నం నెత్తి పట్టుకున్నాడు. "ఇచ్చేయ్ ఆ ఫోను. పంపితివా?"

"పంపలే. సాయంత్రం దాకా టైముంది."

రాజరత్నం లేచి టీకొట్టు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి వచ్చాడు. ఎండ గురించి ఒక మాట అన్నాడు. అద్దాల ఫ్రేము గురించి ఒక మాట అన్నాడు. నిజం చెప్పాలంటే ఆయనకు అలవాటు తప్పిపోయింది.

"చెప్పు మామా, నీ జీతమెంత?"

"నీకిప్పుడెంతొస్తాంది?" అని ఆయన నోరు దానంతటదే అనేసింది.

తిమోతికి అప్పుడు తట్టింది. తాను విలేకరిగా చేరిన ఏడు తన జీతం పద్నాలుగు వేలు. మామ తనకు చెప్పింది పదమూడు. అజయ్‌కి ముప్పై రెండయితే ఎస్తేరుకు చెప్పింది ముప్పై. వేణుకు డెబ్బై అయితే అరవై అయిదు. శాంసన్ గారి పెన్షన్ నలభై అయిదయితే నలభై రెండు. బస్సు కండక్టరు కూడా గుర్తొచ్చాడు.

"మామా, అడిగినోళ్లకంటే ఒక మెట్టు కిందనే చెప్తావా ఎప్పుడూ?"

దొరికిపోయిన దొంగలా నవ్వాడు రాజరత్నం.

"నా జీతం తెలుసుకుని ఎస్తేరక్క ఏం చేసుకుంటాది రా? ఆయమ్మ అడిగేది నా సంగతి కాదు, అజయ్ సంగతి. పది తప్పినోడు బాగుపడినాడా లేదా, అదీ ఆయమ్మకు కావాల్సింది. 'బాగుపడినాడక్కా' అని నేను వట్టి మాటంటే నమ్మదు. అంకె చెప్తే నమ్ముతాది."

"మరి అందరూ నిన్ను చూసి జాలిపడతాండారే?"

"పడనీ. జాలిపడి పచ్చడి పెడతాండారు, కొట్టడంల్యా కదా!"

తిమోతికి నవ్వొచ్చింది. ఇన్నేళ్లూ ఈ మామ పక్కన నడవడానికి సిగ్గుపడినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

చివరికి రాజరత్నం చుట్టూ చూసి, టీకొట్టు మనిషి లోపలికి వెళ్లేదాకా ఆగి, అల్లుడి చెవిలో అసలు అంకె చెప్పాడు. లక్షా నలభై. ఇల్లు కంపెనీదే, ఏడాదికోసారి విమానం టికెట్టూ వాళ్లదే. ఆ ఊళ్లో పైసా కటింగు లేదు.

"నాది పాతికేళ్ల నౌకరి, నీకు ఎత్తుకోగానే అంత రాదు. తొంభై అయిదు అడుగు. బేరం చేస్తారు, తొంభైకి దిగు. అంతకంటే కిందికి దిగితే నా మీద ఒట్టు. ఇంటి అద్దె ఎవరిదో, టికెట్టు ఎవరిదో ముందే రాయించుకో. రాత్రి డ్యూటీకి పోయేటప్పుడు తినిపో, పేపరోళ్లు ఆకలి సంగతి అడగరు."

తిమోతి అక్కడే నిలబడి అంకె మార్చి పంపాడు. దోహావాళ్లు ఒక వారం నసిగి తొంభైకి ఒప్పుకున్నారు. ఇల్లు, టికెట్టు కూడా ఇస్తామన్నారు.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక, మాట ఖాయం చేసుకోవడానికి రాజరత్నం, ప్రమీల, తిమోతి కలిసి శాంసన్ ఇంటికి వెళ్లారు. తొంభై అనగానే వాలుకుర్చీలోంచి శాంసన్ లేచి నిలబడ్డాడు. తన పెన్షన్‌కు సరిగ్గా రెట్టింపు. సంతోషమూ ఉంది, ఎక్కడో చిన్న అనుమానమూ ఉంది. రాజరత్నం వైపు తిరిగాడు.

"ఏమప్పా, నువ్వు నలభై రెండే అంటివి. కొత్తగా పోయే పిల్లోనికి తొంభై ఎట్ల ఇస్తారు?"

తిమోతి మామ వైపు చూశాడు. జ్యోత్స్న తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. రాజరత్నం మాత్రం మామిడిపండు ముక్క నింపాదిగా నమిలి మింగాడు.

"నలభై రెండు పాత మాట సార్. ఈ నడమ పెంచినారు. ఎనభై అయిదు ఇప్పుడు."

"అంటే మా అల్లుడు నీకంటే అయిదు వేలు పైనే!"

"పైనే సార్. నేను ఇన్నేళ్లకు ఎక్కిన చోటికి మీ అల్లుడు తొలిరోజే ఎక్కి, ఇంకో మెట్టు కూడా పోయినాడు. అదృష్టవంతులు మీరు."

తిమోతి నోరు తెరవబోయాడు. ప్రమీల అతని చేతిలో ఒక పండు ముక్క పెట్టింది. అతను దాన్ని నోట్లో వేసుకున్నాడు.

శాంసన్‌కు పట్టపగ్గాల్లేవు. "మా అల్లుడు" అని ఇంట్లో అందరికీ వినబడేలా ఇంకో రెండుసార్లు అని, నిశ్చితార్థానికి తేదీ పెట్టేసి, అందరినీ లేపి ప్రార్థనకు నిలబెట్టాడు. పిల్లలిద్దరినీ దీవించమన్నాడు. దోహా పత్రికను దీవించమన్నాడు. చివర్లో ఆయన మనసు కరిగింది.

"ప్రభువా, ఈ రాజరత్నం మంచివాడు. పరాయి దేశంలో ఇన్నేండ్లు ఓపిగ్గా కష్టపడినాడు. మా అల్లునికి ఇచ్చినంత జీతం ఈయనకు కూడా దయచేయుము తండ్రీ."

గదిలో అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది రాజరత్నమే. తిమోతి పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంటూ, మామ చెయ్యి పట్టుకుని, తానూ ఆమెన్ అన్నాడు.